గోడవార రేగుచెట్టు తొలిపండు

మాఘమాసం, గురువారం రాత్రి, 2003

ఈ పొద్దున స్నానం చేసి పెరట్లోకి వెళ్ళేసరికి రేగాకులు మంచుకు తడిసి ఉన్నాయి. అద్దంకి సంతలో కొన్న పండ్ల గింజలు నాటితే మూడు చెట్లూ మూడు రకాలయ్యాయి. రెండింటి పండ్లు నిరుడే తిని చూశాను, ఒకటి పులుపు, ఒకటి వగరు. గోడవారది ఈ ఏడే కాసింది, ఒకే ఒక్క పండు. తొక్క పల్చన, వాసన కమ్మన. తొలిపండు ఎంగిలి చేయకూడదని కొరక్కుండా దేవుడి ముందు పెట్టాను.

మిరపకాయలు ఆరబోసుకోవడానికి పెరడంతా చదును చేయాలని తమ్ముడి పట్టు. ఆ చెట్లకు నీళ్ళు పోస్తూనే నేను రోజూ అష్టోత్తరం చదువుకుంటాను. ఇంట్లో ఇంకెవరికీ నాతో మాట్లాడే తీరిక ఉండదు.

సాయంత్రం ప్రసాదం మూడు ముక్కలు కోశాను.

"పటికబెల్లంలా ఉందండీ వదినగారూ!" అంది మరదలు.

"నీ పూజలకి ముళ్ళచెట్టు కూడా తీపెక్కిందే అక్కయ్యా! ఇంకో ముక్క ఉంటే ఇటివ్వు," అన్నాడు తమ్ముడు.

నా ముక్క ఇచ్చేశాను.

గోడవారది ఉంచి మిగతా రెండూ రేపు కొట్టించాలని వాళ్ళిద్దరూ నిర్ణయించారు. దాని రుచి నాకెలా ఉందని ఎవరూ అడగలేదు.