అక్క తొట్టి నీళ్ళు

జూన్ 3

ముందే మన్నించమని అడుగుతున్నాను. ఎవరిని అడుగుతున్నానో తెలియదు. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఊళ్ళో బడిలో చెప్పే ఉంటారు. నేను కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ ఉండి ఉంటాను. ఈ డైరీ మా పక్క మందుల షాపు ఆయన ఇచ్చాడు. ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది. ఇవాళ కోపం వచ్చింది, తీశాను. నోటితో తిట్టడం నాకు చేతకాదు.

మా అక్వేరియం షాపు మీద వీడియో తీస్తారట. కొడుకు కుదిర్చాడు. చిన్నప్పటి సరదాని బతుకుతెరువుగా మార్చుకున్న వాళ్ళ మీద వీడియోలు తీసే మనిషి ఒకడున్నాడు. తల మీద టోపీ తియ్యడు. వచ్చాడు, షాపంతా తిరిగాడు, అంతా బాగుంది కానీ కొంచెం డల్‌గా ఉందండీ అన్నాడు. నన్నేమో అనుకున్నాను. ట్యాంకులనట. అద్దాలకు పాచి ఉందట, లోపల నీళ్ళు వడకట్టే స్పాంజీలు నల్లగా ఉన్నాయట.

ఉండవా మరి? లోపల ఉన్నవి చేపలు. బొమ్మలా?

జూన్ 4

టోపీ నాకు మాటలు నేర్పడానికి వచ్చాడు. చిన్నప్పటినుంచీ నాకు చేపలంటే ప్రాణం అని మొదలుపెట్టాలట. నవ్వుతూ.

చేపలంటే ప్రాణం మా అక్కకి. నాకు అక్కంటే ప్రాణం. ఆమె కాలవలో దిగేది కాబట్టి నేనూ దిగాను. ఆమె కోతులు పెంచి ఉంటే ఈ పాటికి నేను కోతుల షాపు పెట్టుకునేవాణ్ణి. ఈ ముక్క అతనికి చెప్పాను. పగలబడి నవ్వాడు. భలే చెప్పారు తాతగారూ, కానీ వీడియోలో ఇది వద్దు అన్నాడు.

ఎందుకు వద్దో చెప్పలేదు.

జూన్ 5

కంటి ఆస్పత్రికి వెళ్ళి వచ్చేసరికి షాపు తళతళలాడుతోంది. కొడుకు, కోడలు ఇద్దరూ పైపు పట్టుకుని ట్యాంకులన్నీ కడిగేశారు. నీళ్ళన్నీ తోడి పారబోశారు. స్పాంజీలు కుళాయి కింద పిండి పిండి తెల్లగా చేసి పెట్టారు, హోటల్లో తువ్వాళ్ళలాగా.

కొత్త నీళ్ళలో క్లోరిన్ పోయే మందు వేశాం నాన్నా, కంగారు పడకు అన్నాడు. క్లోరిన్ సంగతి కాదురా నేను ఏడుస్తున్నది. స్పాంజీల్లోని ఆ నల్లటి మడ్డి! చేపల మురికిని ఆ మడ్డే తింటుంది. అక్క దాన్ని ట్యాంకు కడుపు అనేది. కడుపు తీసి కుళాయి కింద ఎవరన్నా కడుగుతారా?

వాడికి తెలియక కాదు. ఈ షాపులోనే పాకి పెరిగాడు. రేపు షూటింగు, ఒక్క రోజులో ఏం కాదులే అన్నాడు. తెలిసి చేసినవాణ్ణి ఏమనాలి?

అన్నం తినకుండా పడుకున్నాను. అది నా తిట్టు. ఎవరూ గమనించలేదు.

జూన్ 6, సాయంత్రం

మాట్లాడాను. జన్మలో అంత సేపు మాట్లాడలేదు. లైట్ల వేడికి ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. అయినా చెప్పాను.

కాలవలో చేపలు పట్టింది అక్క. పాత దోమతెర ముక్క ఆమె చేతిలో ఉండేది, గిన్నె నా చేతిలో. పెరట్లో ఓటి సిమెంటు తొట్టి ఉంటే మట్టి పూసి అందులో పెంచింది. ఏ చేప దేనితో పడదో, ఏది ఎప్పుడు గుడ్లు పెడుతుందో గంటల తరబడి చూసేది. తొట్టిలో తల పెట్టుకుని పడుకుంటుందేమో అని అమ్మ తిట్టేది. పట్నంలో రంగు చేపల షాపు ఉందని ఎవరో చెబితే, పని అడుగుదాం పదరా అని నన్ను తోడు తీసుకెళ్ళింది. తలుపు తోసింది ఆమె. మాట్లాడింది ఆమె. నేను ఆమె వెనక గోడకి అతుక్కుని నిలబడ్డాను. ఓనరు అంతా విన్నాడు. ఆడపిల్లలకు ఇక్కడ పని లేదమ్మా, ఆ వెనక ఉన్నవాణ్ణి కావాలంటే ఉంచి వెళ్ళు అన్నాడు.

ఉంచి వెళ్ళింది. తను కుట్టుమిషను నేర్చుకుంది. ఏడాదిపాటు ప్రతి సాయంత్రం నేను ఇంటికెళ్ళి షాపులో ఏం జరిగిందో చెప్పడం, రేపు ఇలా చెయ్యి అని ఆమె చెప్పడం. వీడు భలే చురుకు అని ఓనరు మురిసిపోయేవాడు. ఎవరి చురుకు అది?

ఇదంతా కెమెరాకి చెప్పాను. టోపీ కళ్ళు తుడుచుకున్నాడు. సూపర్ తాతగారూ అన్నాడు. కొంచెం తేలిక పడ్డాను.

జూన్ 9

ఏంజెల్ చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. సగం నీళ్ళు మార్చాను. గోల్డుఫిష్‌ల రెక్కలు ముడుచుకున్నాయి. కొడుకు ముఖం చూడబుద్ధి కావడం లేదు.

జూన్ 10

చచ్చిపోతున్నాయి.

జూన్ 11

వీడియో వచ్చింది. మందుల షాపు ఆయన ఫోను పట్టుకుని రోడ్డు మీదే పరిగెత్తుకొచ్చాడు. ఒంటిచేత్తో ఎంత సాధించారండీ, పక్కనే ఉండి తెలుసుకోలేకపోయాం అన్నాడు. చూశాను.

అక్క లేదు.

ఎక్కడా లేదు. ఎవరి పిల్లవాడో, తలకి నూనె పెట్టి, కాలవ గట్టున ఒక్కణ్ణే నడిపించారు. దోమతెర ముక్క వాడి చేతిలో పెట్టారు. నాకు ఎప్పుడూ ఇవ్వలేదు ఆమె, చింపేస్తానని. ఆ పిల్లవాడు షాపు తలుపు తోసుకుని లోపలికి వెళతాడు. ఓనరు వేషం వేసినవాడు వాడి భుజం తడతాడు. తర్వాత నేను వచ్చి, నవ్వుతూ, చిన్నప్పటినుంచీ నాకు చేపలంటే ప్రాణం అంటాను. ఆ ముక్క నేను అన్నదే. చిన్నప్పటినుంచీ నాకు చేపలంటే ప్రాణం కాదు, మా అక్కకి ప్రాణం అన్నాను కెమెరాతో; వెనక ముక్క కత్తిరించేశారు.

కొడుకుని అడిగాను. ఫ్లో దెబ్బతింటుందట. కథకి ఒక్కడే హీరో ఉండాలట. అత్త ఏమీ అనుకోదులే నాన్నా, ఆవిడ పెద్ద మనసు నీకు తెలుసుగా అన్నాడు.

పెద్ద మనసున్న వాళ్ళనే కదా ఎవడైనా తొక్కేది.

వీడియో చూసి కొనడానికి జనం వచ్చారు. వాళ్ళ ముందు ట్యాంకులోంచి చచ్చిన చేపని వలతో తీశాను. కొడుకు నన్ను గుడ్లురిమి చూశాడు.

జూన్ 12

కొడుకు సీసాలో అమ్మే మందేదో తెచ్చి పోశాడు. ఏమీ కాలేదు. పాత మడ్డి కావాలి. వేరే షాపుల నీళ్ళు తేవడానికి లేదు, వాటితో ఏ రోగం వస్తుందో చెప్పలేం. నాకు తెలిసి మంచి మడ్డి ఉన్నది ఒక్క చోటే. అక్క డాబా మీద తొట్టిలో. ఆమె ఇంకా పెంచుతోంది.

ఏ మొహం పెట్టుకుని అడగను? ఫోను తీశాను, పెట్టేశాను. తీశాను, పెట్టేశాను.

జూన్ 13

బస్సెక్కి వెళ్ళాను. అక్క మిషను మీద ఉంది. తల ఎత్తలేదు. ఏరా మూగోడా, వీడియోలో గడగడా వాగావు, గుమ్మంలోకి వచ్చేసరికి నోరు పడిపోయిందా అంది. అంటే చూసింది. చొక్కా బాగుందిరా, దానికి ఇస్త్రీ చేసినవాళ్ళ పేరన్నా వేశారా చివర్లో అంది.

చేపలు చచ్చిపోతున్నాయి అక్కా, స్పాంజీలు కడిగేశారు అన్నాను.

మిషను ఆగింది. కుట్టు సగంలో ఉంది, సూది అలాగే గుడ్డలో దిగి ఉంది. లేచి డాబా ఎక్కింది. మోకాళ్ళ నొప్పులు, అయినా నాకంటే ముందు ఎక్కింది. తొట్టిలోంచి స్పాంజీలు నల్లగా కారుతుంటే తీసి, ఆ నీళ్ళతోనే బకెట్‌లో పెట్టి, తడిగుడ్డ కప్పింది. ఆటో ఎక్కాం. ఏమిటమ్మా ఆ వాసన అని డ్రైవరు ముక్కు మూసుకుంటే, మా తమ్ముడి సినిమా నాయనా అంది.

షాపు ముందు టోపీ. రెండో భాగం తీస్తున్నాడట, మొదటిది బాగా ఆడిందని. కొడుకు గుమ్మానికి అడ్డం వచ్చాడు. అత్తా అత్తా, లోపల షూటింగ్ అవుతోంది, ఆ నల్ల నీళ్ళతో ముందునుంచి వద్దు, వెనక తలుపున రా అన్నాడు. అక్క బకెట్ ఎత్తుకుని పక్క సందు వైపు తిరిగింది.

అలా తిరగడం చూశాను. ఇంక నాకు ఏమైందో తెలియదు.

అరిచాను. వీధి అంతా వినబడిందని తర్వాత మందుల షాపు ఆయన చెప్పాడు. ఈ షాపులు నేను చూసిందే మీ అత్త తలుపు తోస్తేరా, ఆ రోజు వెనక నిలబడ్డవాణ్ణి నేను, ఆమెను వెనక తలుపున పొమ్మంటావా, నువ్వు పో వెనక తలుపున అన్నాను. ఇంకా ఏవో అన్నాను. రాయదగినవి కావు. అవి నాకు వచ్చని నాకే తెలియదు.

కొడుకు పక్కకి జరిగాడు.

అక్క ముందు తలుపున వచ్చింది. ఒక్కొక్క ట్యాంకులో స్పాంజి ముంచి పిండింది. నీళ్ళు మసిలా అయిపోయాయి. టోపీ కెమెరా దించి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నాయనా, ఆ టోపీ తీసి పక్కన పెట్టు, చేపలు జడుసుకుంటున్నాయి అంది. తీశాడు. బట్టతల.

జూన్ 14

నీళ్ళు తేరుకుంటున్నాయి. కొన్ని పోయాయి. మిగిలినవి నోళ్ళు మూశాయి, అడుక్కి దిగాయి.

అక్క స్టూలు మీద కూర్చుని వాటినే చూస్తోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను అనిపించింది. నేను అంతా చెప్పాను అక్కా, వాళ్ళు కత్తిరించారు అన్నాను. నా వైపు తిరిగింది. నువ్వా, కెమెరా ముందా, అంతానా అంది. ఓనరు అన్న మాట కూడానా అంది. కూడా అన్నాను. నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నవ్వు పోయింది.

చెప్పావు, సరే. కత్తిరించారు, సరే. కత్తిరించాక నువ్వేం చేశావురా అంది. డైరీలో రాసుకున్నానని చెప్పాను. డైరీ రాశావా అంది.

అంతే. బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. కొడుకు ఆటోలో దింపుతానంటే వద్దంది.

నా కోపం అంతా ఇన్నాళ్ళూ ఈ కాగితాల మీదే పడి ఉంది. ఆమె కోపం ఎక్కడ పడి ఉందో ఎవరు అడిగారు?

జూన్ 16

షాపు బోర్డు దింపించాను. కొడుకు లబలబలాడాడు. బోర్డు మారిస్తే వీడియో చూసి వచ్చేవాళ్ళకు షాపు ఎలా దొరుకుతుంది నాన్నా అన్నాడు.

దొరక్కపోతే అడుగుతారు. అడిగితే చెబుతాను అన్నాను.

చెబుతావా నువ్వు అని నోరు వెళ్ళబెట్టాడు.

చెబుతాను.

జూన్ 18

అక్కా,

డైరీ రాశావా అన్నావు. రాశాను. ఇదే. మొత్తం పంపుతున్నాను. ఫోనులో నాకు మాటలు రావు.

కొత్త బోర్డు మీద నీ పేరు పెద్దక్షరాలతో రాయించాను. దాని కింద 'అండ్ తమ్ముడు' అని. పెయింటరు అండ్ సన్స్ రాశాడట, అండ్ బ్రదర్స్ రాశాడట, ఇలాంటిది ఎప్పుడూ రాయలేదట. నా పేరు వద్దన్నాను. కింద ఇంకా కాస్త జాగా ఉంది. అందులో ఏం రాయాలో నువ్వు చెప్పాలి. పెయింటరు నిచ్చెన దించలేదు. త్వరగా జవాబు రాయి.