ఉదయం ఎనిమిది గంటల తుఫాను

విపత్తు నివారణాధికారి గారికి,
పురపాలక కార్యాలయం, సాన్ ఎర్మెనో, కతాందువానెస్ ద్వీపం.

అయ్యా,

విషయం: తుఫాను ముదిరిన వెంటనే ఊరికి చెప్పుటకు అనుమతి కోరుట గురించి.

పుంతా మాలిగ్ జాలరిపేట నివాసి, తమ కార్యాలయపు వాతావరణ స్వచ్ఛంద సేవకురాలు, మా ఇంట్లో మొదటగా కాలేజీ గడప తొక్కిన మారిలూ తబ్లాంతే వ్రాసుకొను అర్జీ.

1. తమరు ప్రతి ఉదయం ఎనిమిదికి ఉపగ్రహ చిత్రమొకటి తీయించి, ముద్ర వేసి, ప్లాస్టిక్ తొడిగించి రేవు బోర్డుకు తగిలించుచున్నారు. వానకు అది చెక్కుచెదరదు. తుఫాను కూడా అంత నిలకడగా ఉండునట్లయితే మాకు ఏ ఇబ్బందీ లేదు.

2. గత నెల పద్దెనిమిదిన బోర్డు మీద తుఫాను చెదిరిన దూదిలా ఉన్నది. ఉపగ్రహం పది నిమిషాలకొక చిత్రం పంపుతుంది. చూస్తూ ఉండమని నేర్పింది తమరే గనుక చూస్తూ కూర్చున్నాను. పదకొండుకు మేఘాలు గుండ్రంగా చుట్టుకున్నాయి. పన్నెండున్నరకు నడుమ కన్ను తెరుచుకుంది, అంటే తుఫాను బాగా ముదిరిందన్నమాట. వెంటనే ఫోను చేయగా, "భోజనాల వేళమ్మా! అయినా బోర్డు మార్చాలంటే మూడు సంతకాలు కావాలి" అని తమరు సెలవిచ్చారు. ఆ వేళకు తుఫానుకు ఆకలి వేయకపోవడం దాని తప్పే.

3. అందుచేత పక్కింటి పుట్టినరోజు విందులో పాటలు పాడే మైకు లాక్కుని రేవులో అరిచాను. పదకొండు పడవలు ఆగాయి. మా చిన్నాన్న రుపెర్తో పడవ ఆగలేదు. "బోర్డు మీద ముద్ర ఉంది. నీ ఫోను మీద ఉందా, పిల్లా? నాలుగు అక్షరాలు రాగానే గాలివాన నీతో మాట్లాడుతోందా?" అని నవ్వి తాడు విప్పాడు. ఇంతవరకు తిరిగి రాలేదు.

4. మూడో రోజున "అనధికార తుఫాను ప్రచారం" అంటూ నాకు తమ మెమో అందినది. పిన్ని దాన్ని రెండుసార్లు చదివించుకుని, "ఇందులో మీ చిన్నాన్న ఊసే లేదేమే?" అంది. జవాబు తమ వద్ద ఉన్నచో పంపగలరు.

కావున, చిత్రం మారిన నిమిషాననే రేవులో ఎర్రజెండా ఎత్తే అధికారం మా పేటకు ఇప్పించగోరుతూ, ఈ అర్జీని భోజనానికి ముందే చిత్తగించవలెనని ప్రార్థించుచున్నాను.

తమ విధేయురాలు,
మారిలూ తబ్లాంతే

తా.క. ఇది రాస్తుండగానే కొత్త తుఫాను వేగంగా ముదిరింది. ఉదయం పది గంటల ఇరవై నిమిషాల చిత్రంలో కన్ను స్పష్టంగా ఉంది. అనుమతి రాకముందే జెండా ఎత్తేశాను, మెమో సిద్ధం చేసుకోండి. పడవలన్నీ ఒడ్డెక్కాయి. జనం గుట్ట మీది బడికి చేరారు, మీ అమ్మగారు కూడా. ఆమె లోపలికి రావడం లేదు. గుమ్మంలోనే నిలబడి, "మా వాడు ఇంకా రాలేదేమే?" అని నన్నే అడుగుతోంది. మీ ఆఫీసు సముద్రానికి ఎదురుగానే కదా సార్. ఈ కాగితం తెచ్చిన మనిషి బండి ఇంజను ఆపకుండా బయటే ఉన్నాడు. ఎక్కేయండి.