పెట్టెలో మిగిలిన ఎరుపు

కార్తీక శుక్రవారం, 2001

సోమవారం బందరు కోర్టులో మా ఊరి ఓట్ల పెట్టె తెరుస్తారట. సర్పంచ్‌గా నాకు పడ్డ ఓట్లలో చాలావాటి మీద ఎర్రటి వేలిమరకలున్నాయనీ, అవి చెల్లవనీ నా మీద పోటీచేసి ఓడిన, కలంకారి షెడ్డు షావుకారుగారి మరదలు కేసు వేసింది. మరకలుండక ఏం చేస్తాయి? పోలింగు రోజున కూడా ఊళ్ళో ఏ కలంకారి షెడ్డుకీ సెలవివ్వలేదు. ఆడవాళ్ళు రంగు బానల దగ్గర్నుంచి తడిచేతులతోనే వచ్చి ఓటేశారు.

వకీలుగారు నవ్వేశారు. "మరక పడితే ఓటు చెల్లకుండా పోదమ్మా. ధైర్యంగా ఉండండి."

ఆ మాటకి పొంగిపోతూ బస్సు దిగాను. షావుకారు షెడ్డులో బట్ట ఉడకబెట్టే రత్తమ్మక్క స్టాండులో నాకోసమే నిలబడి ఉంది. గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయ్, ఆ కాగితాలు షావుకారుగారికి కూడా చూపిస్తారంటావా?"

చూపిస్తారు. రెండు పక్షాలవాళ్ళ ఎదుటే ఒక్కో కాగితం విప్పుతారు. నా గెలుపు గొడవలో పడి నాకు ఈ ఆలోచనే రాలేదు. తన షెడ్డంతా మరదలికే వేసిందని, ఆ మరకలు మిగతా షెడ్లవాళ్ళవని ఆయన ధీమా. కానీ ఒక్కో షెడ్డుది ఒక్కో ఎరుపు. తన ఎరుపు ఎక్కడున్నా ఆయన పోల్చేస్తాడు. రత్తమ్మక్కకి ఆ కూలి తప్ప ఇంకో ఆధారం లేదు.

"చూపించరులే అక్కా," అనేశాను. నమ్మి వెళ్ళిపోయింది.

ఎన్ని ఉతుకులు ఉతికినా మా రంగు వెలవదని చెప్పి అమ్ముకునేవాళ్ళం. ఈ ఒక్కసారికి వెలిసిపోయి ఉంటే...