చీర కట్టిన బుద్ధుడు

అన్నయ్యా,

నీ సంవత్సరీకానికి పామర్రు దగ్గర మన ఊరొచ్చాను. ఇక్కడి సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కాలువలో పూడిక తీస్తుంటే తల లేని రాతి విగ్రహం ఒకటి బయటపడింది. ఒంటి మీద మడతలు చూసి, అవి చీర కుచ్చిళ్లనీ, ఆవిడ అమ్మవారనీ మన మేధావులు తేల్చేశారు. పసుపు పూసి, పట్టుచీర చుట్టి, రేకుల షెడ్డు వేసి హుండీ కూడా పెట్టారు. విజయవాడ నుంచి పురావస్తు శాఖవాళ్లు వచ్చి, అది బుద్ధుడి విగ్రహమని చెప్పారు. పేపర్లోనూ వచ్చింది. అయినా చీర తీయలేదు.

“ఎవరైతే ఏంటండీ, కోరికలు తీరుతున్నాయి కదా” అన్నాడు సర్పంచి. గన్నవరంలో తన ప్లాట్లు అమ్ముడవాలని మొదటి కొబ్బరికాయ కొట్టింది ఆయనే. కోరికలు వదిలేయమన్న మనిషిని ప్లాట్లు అమ్మిపెట్టమంటున్నాడు. ఇతగాడు నీ స్టూడెంటే. హైస్కూల్లో నువ్వు బుద్ధుడి పాఠం చెబుతుంటే ఎటు చూస్తూ కూర్చున్నాడో.

అందరినీ కడిగేద్దామనే షెడ్డు దగ్గరికి వెళ్లాను. పెద్ద లైనుంది. చెప్పులు విప్పి నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి తిట్లన్నీ మర్చిపోయి, నిన్ను తిరిగి పంపించమని అడిగాను.

మన మేధావుల్లో నన్నూ కలిపేసుకో.