పదకొండింటి ఎండలో

అక్కా, ఇక్కడ నేను కులాసా. బెంగపెట్టుకోకు.

నిన్న సెలవని, నేను వడ్డించే హోటల్లోనే కిటికీ పక్కన కూర్చుని, టిఫినుకీ భోజనానికీ మధ్యవేళ, పదకొండింటికి తిన్నాను. బల్ల మీద ఎండ వెన్నలా కరుగుతుంటే, ఆదివారాలు ఆలస్యంగా లేచి నువ్వూ నేనూ రెండు పూటలూ కలిపి తినే మన వంటింట్లోనే ఉన్నాననుకున్నాను. ఆ మైకంలో, అలవాటుపడ్డ చేతులూరుకోక, రోజూ నేను వడ్డించే పక్కబల్ల పెద్దావిడ ప్లేటు తీసేశాను.

"ఇంకా తినడం అవలేదమ్మా!" అని నవ్వి, తన రొట్టెలో సగం నాకు పెట్టింది. "నీకొకరు వడ్డించి ఎన్నాళ్లయిందో!" అంది.

నీ మోకాలు నొప్పి తగ్గిందా? పొయ్యి బాగుచేయించావా? బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు. నా కంచం ఎవరికీ ఇవ్వకు. వచ్చే నెల వస్తాను. పదకొండు దాటినా నన్ను లేపకు; లేచాక నువ్వే వడ్డించు.

నీ చెల్లి