గాజు తొట్టిలో చివరి మడి

జూన్ 8

నా స్నేహితురాలు ప్రిస్కిల్లా తన అక్వేరియం నాకిచ్చేసి కరీంనగర్ వెళ్లిపోయింది. ట్రాన్స్‌ఫర్. నాలుగడుగుల తొట్టి, ఏడు గోల్డ్‌ఫిష్‌లు, స్టాండు కింద ఇంకో చిన్న గాజు తొట్టి. దాన్ని సంప్ అంటారు. పైతొట్టిలో పొర్లిన నీళ్లు సంప్‌లోకి దిగుతాయి, అక్కడ స్పాంజిలో వడకట్టుకుంటాయి, పంపు వాటిని పైపు గుండా మళ్లీ పైకి తోస్తుంది. డిగ్రీ అయ్యాక ఏడాదిగా నేనూ ఇలాగే తిరుగుతున్నాను. బోధన్ నుంచి నిజామాబాద్‌కు, ఇంటర్వ్యూ నుంచి ఇంటికి.

పెట్టడానికి మా ఇంట్లో ముందుగది తప్ప చోటు లేదు. అక్కడే అవ్వ (అమ్మను మేం అలాగే పిలుస్తాం) బీడీలు చుడుతుంది. ఒప్పుకుంది, షరతు పెట్టి.

“ఒక్క సుక్క నా తంబాకు మీద పడ్డదా, నీ శాపలు ఎవరింటికన్న పోవుడే.”

జూన్ 9

పంపు వేశాను. మంచంలో గోడ వైపు తిరిగి పడుకున్న నాన్న, మా బాపు, ఆ చప్పుడుకు ఇటు తిరిగాడు. మార్చిలో రిటైరయ్యాక ఆయన దేనికీ ఇటు తిరగలేదు.

బాపు కాలువ మీద లష్కర్. ముప్పై ఏళ్లు తూములు ఎత్తుతూ, దించుతూ నీళ్ల వెంట నడిచాడు. రోజూ సాయంత్రం ఇంజనీరుకు ఫోన్ చేసి ఒకటే మాట చెప్పేవాడు. చివరి మడికి అందినయ్ సార్. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

జూన్ 11

నీళ్లు తిరుగుతున్నాయి. చేపలు తిరగడం లేదు.

జూన్ 13

ఏడు చేపలూ కుడివైపే. పైపు నీళ్లు అక్కడే పడుతున్నాయి. ఎడమ మూల అడుగున చెత్త పేరుకుంది. వీడియోలన్నీ పెద్ద పంపు కొనమంటున్నాయి.

బాపు మంచం దిగాడు. తొట్టి ముందు అటూ ఇటూ నడిచి తవుడు అడిగాడు. కాలువలో ఊక చల్లి దాని వెంట నడిస్తే నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో తెలుస్తుందట. ఇంట్లో తవుడు లేదంటే అవ్వ చాటలోని తంబాకు తీయబోయాడు. అది పడితే చేపలు చస్తాయని నేను చెయ్యి పట్టుకున్నాను. అవ్వ కూడా పట్టుకుంది, వేరే కారణానికి.

ఎదురింటి అంజవ్వ దగ్గర చిటికెడు తవుడు తెచ్చి వేశాను. కుడివైపే గిరగిరా తిరిగింది. పెద్ద పంపు కావాల్సిందే అన్నాను.

“పెద్ద తూము వెడితె నీళ్లు అందయ్ బిడ్డా, కట్ట తెగుతది. మూతి తిప్పు.”

పైపు మూతిని అడుగుదాకా దించి ఎడమ మూల వైపు తిప్పాం. ఈసారి తవుడు అడుగు వెంట పోయి, అద్దానికి తగిలి, మూలంతా చుట్టి, పైకి లేచి వెనక్కి వచ్చింది. వచ్చినంత వచ్చింది. మిగతాది చేపలు తినేశాయి.

బాపు నవ్వాడు. పళ్లు కనబడేలా.

జూన్ 14

ఎడమ మూలలో నాలుగు చేపలు. బాపు ఆ మూలకు పేరు పెట్టాడు, చివరి మడి అని.

జూన్ 17, సాయంత్రం 5

చేతులింకా తడిగానే ఉన్నాయి.

బాపు పుట్టింది కాలువ చివరి ఊళ్లో. నీళ్లు వచ్చిన రోజు గిన్నె కూడా ఖాళీగా ఉంచని ఊరు. పొద్దున నల్లా వచ్చింది. నిన్నటి బిందెల నీళ్లన్నీ సంప్‌లో అంచుదాకా పోసి, బిందెలు మళ్లీ నింపాడు. నేను చూశాను. బాగుందనే అనుకున్నాను.

నాలుగింటికి కరెంటు పోయింది. పంపు ఆగింది. అడుగున ఉన్న పైపు మూతి తొట్టి నీళ్లను వెనక్కి తాగడం మొదలుపెట్టింది. అవన్నీ సంప్‌లోకే. సంప్‌లో చోటేది?

అవ్వ కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వచ్చేసరికి నేను పైపు మూతిని నీళ్లపైకి లాగి పట్టుకుని ఉన్నాను. గదంతా నీళ్లు. మధ్యలో బాపు, తంబాకు చాట నెత్తిన పెట్టుకుని, బోనం ఎత్తినట్టు.

అవ్వ చాట దించి తంబాకు నలిపి చూసింది. పొడిగానే ఉంది.

“రేపు కరెంటు నేనే బంద్ జేస్త. సుక్క కారిందా, పోవుడే.”

జూన్ 18, పొద్దున

కాల్చిన మేకుతో పైపుకు చిన్న రంధ్రం పెట్టాను, పైతొట్టి నీటిమట్టానికి కాస్త కింద. మట్టం దిగగానే అందులోంచి గాలి దూరుతుంది, పైపు తాగడం మానేస్తుంది. సంప్‌లో నీళ్లు సగానికి తోడేశాం. ఆ ఎత్తున అద్దం మీద బాపు ఎర్ర గీత గీశాడు. నా నెయిల్ పాలిష్‌తో. గీతకు పైనున్న ఖాళీని చాలాసేపు చూశాడు.

“ఖాళీ ఇడుసుడు నాకు రాదు బిడ్డా.”

అది ఖాళీ కాదు, మర్లొచ్చే నీళ్లకు చోటు అని చెప్పాను.

జూన్ 18, సాయంత్రం

అవ్వ తంబాకు చాట తెచ్చి సరిగ్గా సంప్ పక్కనే నేల మీద పెట్టింది. స్విచ్ తీసింది.

నీళ్లు దిగాయి. గీత దాటాయి. అంచుకు నాలుగు వేళ్లు. మూడు. బాపు చెయ్యి చాట వైపు పోయింది. అవ్వ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. రెండు. పైపు గుటుక్కుమంది.

ఆగాయి.

అవ్వ స్విచ్ వేసి, చాట ఒళ్లో పెట్టుకుని, తొట్టి వైపు తిరిగి కూర్చుంది. పది బీడీలు చుట్టాక, ఆ లావు చేప నడక అచ్చం మా అత్త నడకే అంది. ఆ అత్త బాపు వాళ్లమ్మ. బాపు చాలాసేపు చేపను చూసి, నిజమే అన్నాడు.

నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను.

జూన్ 24, ఉదయం 6:10

నల్లా వచ్చింది. బాపు సంప్‌లో గీత దాకా పోసి, సగం బిందె చేతిలో పట్టుకుని ఆగాడు. నన్ను లేపి రాయమన్నాడు. రాస్తున్నాను.

చివరి మడికి అందినయ్.