గోళ్ళరంగు చుక్క

మదనపల్లె, మంగళవారం రాత్రి

పాత స్టీరియో సెట్టు ఇవాళ వెళ్ళిపోయింది. ఆంప్లిఫయర్‌లో గుర్రుమనే చప్పుడు ఎక్కువైంది, పార్టులు దొరకడం లేదు. మధ్యాహ్నం దాన్ని కొనుక్కుపోవడానికి పుంగనూరు నుంచి మెకానిక్ వెంకటప్ప వచ్చాడు. తీసుకుపోయేముందు ఒక పాట పెట్టి చూశాడు.

"ఏం సార్, ఎడమ స్పీకరు పోయుండాదా?"

"లేదప్పా, బాగానే ఉంది."

"మరి ఈ బ్యాలెన్స్ నాబు యాల ఇంత కుడికి తిప్పిపెట్నారు?" అంటూ మధ్యకు తిప్పాడు. ఎడమ స్పీకరు గట్టిగా పలికింది. "సూడండి! ఇన్నేండ్లూ సగం పాటే ఇన్నారు సార్ మీరు," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. నా భార్య సరళకు ఎడమ చెవి వినపడేది కాదని అతనికి చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె తన కుర్చీ కుడి స్పీకరు పక్కన వేసుకుంది. నాబు తనకు సరిపోయేచోట ఆపి, దుమ్ము తుడిచేటప్పుడు నేను కదిపేస్తానని అక్కడ గోళ్ళరంగుతో చిన్న చుక్క పెట్టింది. ఆమె పోయాక కూడా నాబు ఆ చుక్క దగ్గరే ఉంచాను.

"అమ్మాలంటే నీటుగా ఉండాల సార్," అంటూ వెంకటప్ప గుడ్డను థిన్నర్‌లో తడిపి చుక్కను తుడిచేశాడు. వద్దనడానికి కావలసినంత సమయం ఉండింది. అనలేదు.

కొత్త స్పీకరు చెంబంత ఉంది. ఫోనుతో పాడుతుంది, నాబు లేదు. అలమరలో పెట్టి నా కుర్చీలో కూర్చుని విన్నాను. తర్వాత ఆమె కుర్చీలో కూర్చుని విన్నాను. రెండుచోట్లా ఒకేలా వినిపించింది.

ఆపేశాను. ఆమె కుర్చీ అక్కడే ఉండాల్సిన పని ఇక లేదు.